తోటాలతో చేపల వేట: కేసు ఏ సెక్షన్ల కింద పడుతుంది, కోర్టులో ఏది నిలుస్తుంది

ఎండాకాలంలో చెరువులు, వాగు మడుగులు అడుగంటే రోజుల్లో కొన్ని ఊళ్ళల్లో తోటాలతో చేపలు పట్టడం మొదలవుతుంది. బావుల తవ్వకానికి, రాతి క్వారీలకు వాడే జిలెటిన్ కడ్డీనే మన దగ్గర తోటా అంటారు. కొన్నిచోట్ల నాటు బాంబులు కూడా వాడుతున్నారు. ఈ వేటలో చేతి వేళ్ళు పోయినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు చాలా మండలాల్లో కనిపిస్తారు. ఆ ప్రమాదాల గురించి ఇదివరకే ఎంతో చెప్పుకున్నాం. ఈ వ్యాసంలో పోలీసు కేసు గురించి, ఆ కేసును కోర్టులో సవాలు చేయడం గురించి మాత్రమే చూద్దాం.

రైతు సోదరుల నుంచి ఈ విషయంలో రెండు రకాల ప్రశ్నలు వస్తుంటాయి. చెరువు కౌలుకు తీసుకున్నవారు, మత్స్య సహకార సంఘం సభ్యులు "కేసు పెట్టినా నిలవడం లేదు, ఎందుకు?" అని అడుగుతారు. కేసులో ఇరుక్కున్న కుటుంబాలేమో "నాలుగు చేపలు పట్టినందుకు ఇంత పెద్ద సెక్షనా? హైకోర్టుకు పోతే కొట్టేస్తారా?" అని అడుగుతాయి. రెండు ప్రశ్నలకూ జవాబు దొరికేది ఒకేచోట. మొదటి రోజు గట్టు మీద ఏం దొరికింది, దాన్ని కాగితం మీద ఎలా రాశారు అన్నదే చివరిదాకా కేసును నడిపిస్తుంది.

నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి, వకీలును కాను. ఇక్కడ రాసింది చట్టం పాఠంలో ఉన్నది, కోర్టులు తేల్చి చెప్పినది. మీ కేసుకు ఏది వర్తిస్తుందో వకీలే చూసి చెప్పాలి.

రెండు వందల జరిమానా మాట ఎక్కడిది?

"పట్టుబడితే రెండు వందలు కట్టి రావచ్చు" అని ఊళ్ళల్లో ఒక మాట ఉంది. అది ఉత్త పుకారు కాదు. 1897 నాటి భారత మత్స్య చట్టం 4వ సెక్షన్‌లో ఆ అంకె ఉంది. చేపలను పట్టాలని గానీ చంపాలని గానీ నీటిలో డైనమైట్ లేదా మరే పేలుడు పదార్థం వాడినా రెండు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా అని ఆ సెక్షన్ చెబుతుంది. 1897లో 200 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. మూల చట్టంలో అంకె మాత్రం అక్కడే ఆగిపోయింది. 5వ సెక్షన్ విషం, సున్నం, ఇతర హానికర పదార్థాలు కలిపి చేపలు పట్టడానికి సంబంధించినది. శిక్ష అదే. కాబట్టి పురుగుమందు పోసి పట్టినా నేరమే. ఈ మూల చట్టంపైన రాష్ట్రాలు చేసుకున్న నియమాలు వేరే ఉంటాయి. మీ జిల్లాలో అమల్లో ఉన్నవేవో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఈ చట్టంలో రైతులు గమనించాల్సిన మాట ఒకటుంది. 4వ సెక్షన్ "ఏ నీటిలోనైనా" అంటుంది. ప్రైవేటు నీరు అన్న మాటకు చట్టంలో వేరే నిర్వచనం ఉంది. యజమాని గానీ, కౌలుదారు గానీ చేపలపై పూర్తి హక్కు కలిగి ఉన్న నీరు అని దాని అర్థం. పేలుడు పదార్థం విషయంలో మాత్రం ఆ ప్రైవేటు నీటికి మినహాయింపు ఇవ్వలేదు. "నా కుంట, నేను పోసిన పిల్ల, నా ఇష్టం" అన్న వాదన ఇక్కడ చెల్లదు.

తెలంగాణ జిల్లాల వారికి ఒక మాట. 1897 చట్టం తన మొదటి సెక్షన్‌లోనే, 1956 నవంబర్ 1కి ముందు పార్ట్ బి రాష్ట్రాలుగా ఉన్న ప్రాంతాలను మినహాయించింది. హైదరాబాద్ రాష్ట్రం అందులో ఒకటి. అందుకే అక్కడ ఫసలీ సంవత్సరంతో పిలిచే పాత హైదరాబాద్ మత్స్య చట్టం పేరు వినిపిస్తుంది. ఎఫ్ఐఆర్‌లో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో వకీలుకు ముందుగా చూపించండి. తప్పు చట్టం రాసినంత మాత్రాన కేసు మొత్తం పోదు. ఆ ఒక్క అభియోగం మీద వాదించడానికి మాత్రం అవకాశం దొరుకుతుంది.

అసలు బరువు ఎక్కడుంది?

చేపల చట్టం ఈ కేసులో తేలికపాటి భాగం. బరువంతా పేలుడు పదార్థాల చట్టాలలో ఉంది. ఇవి రెండు.

మొదటిది 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్. లైసెన్సు లేకుండా, నియమాలకు విరుద్ధంగా పేలుడు సామగ్రి దగ్గర పెట్టుకున్నా, వాడినా, అమ్మినా, తరలించినా 9బి సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు, జరిమానా పడవచ్చు.

రెండోది 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్. చదువుకున్నవారు కూడా ఈ రెండు చట్టాలను ఒకటే అనుకుని పొరబడతారు. 1908 చట్టం చాలా కఠినమైనది. ప్రాణానికి గానీ, ఆస్తికి తీవ్రంగా గానీ ముప్పు తెచ్చేలా దురుద్దేశంతో, చట్టవిరుద్ధంగా పేలుడు జరిపితే 3వ సెక్షన్ కింద యావజ్జీవం, లేదా పదేళ్ళకు తగ్గని కఠిన శిక్ష. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. 5వ సెక్షన్ దగ్గర పెట్టుకోవడానికి సంబంధించినది. మంచి పనికి కాదేమో అని సబబుగా అనుమానించదగిన పరిస్థితిలో, తెలిసి పేలుడు పదార్థం దగ్గర ఉంచుకుంటే పదేళ్ళ వరకు జైలు. 6వ సెక్షన్ డబ్బు ఇచ్చినవాళ్ళకు, సామగ్రి ఇచ్చినవాళ్ళకు, సాయం చేసినవాళ్ళకు కూడా అదే శిక్ష అంటుంది. మడుగు దగ్గరికి రాకుండా ఇంట్లో కూర్చుని తోటాల ఖర్చు భరించిన వ్యాపారి కూడా అందులోకి వస్తాడు.

ఈ చట్టం ప్రకారం పేలుడు పదార్థమంటే కడ్డీ ఒక్కటే కాదు. దాన్ని తయారుచేసే సామగ్రి, పేల్చడానికి తోడ్పడే పరికరం కూడా అందులో భాగమే. అందుచేత కడ్డీ దొరక్కపోయినా డిటోనేటరు దొరికితే చాలు, చిక్కు మొదలవుతుంది.

దీనికి తోడు భారతీయ న్యాయ సంహిత 288వ సెక్షన్ ఉంది. పేలుడు పదార్థాన్ని నిర్లక్ష్యంగా వాడి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే ఆరు నెలల వరకు జైలు, జరిమానా. ఇది పాత ఐపీసీలోని 286. అభయారణ్యంలో అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 32వ సెక్షన్ కూడా చేరుతుంది. అక్కడి వన్యప్రాణులకు హాని చేయగల రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడటాన్ని అది నిషేధించింది. కొల్లేరు, కోరింగ, పులికాట్ ప్రాంతాల వారు, కృష్ణ ఒడ్డున నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

"చేపల కోసమే తెచ్చాం సార్"

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. తోటాతో పట్టుబడిన మనిషి భయపడి, తనను వేరే పెద్ద నేరగాడు అనుకుంటారేమోనని, "అయ్యో సార్, ఇది చేపల కోసమే తెచ్చాం, ఇంకేమీ లేదు" అంటాడు. తప్పించుకుంటున్నాననే అనుకుంటాడు. 5వ సెక్షన్‌ను మళ్ళీ చదవండి. మంచి పనికే ఉంచుకున్నానని అతను చూపించగలిగితే శిక్ష లేదు. మరి తోటాతో చేపలు పట్టడం మంచి పనేనా? మత్స్య చట్టం 4వ సెక్షన్ ఆ పనినే నేరమని చెప్పింది. అంటే అతని జవాబు అతనికి అడ్డుగా నిలవడానికి బదులు ఎదురు సాక్ష్యంగా మారే ప్రమాదం ఉంది.

పోలీసు దగ్గర చెప్పిన ఒప్పుకోలు వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అది వేరే సంగతి. అయితే ఆ మాట వెంట చూపించిన చోటు, అక్కడ దొరికిన వస్తువు చెల్లుతాయి. గట్టు మీద నలుగురు విన్న మాట కూడా చాలాకాలం వెంటాడుతుంది. వకీలుతో మాట్లాడే హక్కు నిందితుడికి ఉంది. ముందు ఆ హక్కును వాడుకోవాలి.

3వ సెక్షన్ సంగతి వేరు. అక్కడ "దురుద్దేశంతో" అన్న మాట ఉంది. నిందితుడి తరఫు వకీలు వాదించేది దీని మీదే. మనిషికి గానీ ఆస్తికి గానీ హాని చేయాలన్న ఉద్దేశం లేదు, పట్టాలనుకున్నది చేపలను, అందుచేత 3వ సెక్షన్ పొసగదు అంటాడు. ప్రభుత్వ వకీలు పేలుడు జరిగిన చోటును చూపిస్తాడు. బట్టలు ఉతికే రేవు పక్కన, తూము దగ్గర, కట్ట మొదట్లో, వేరే జాలర్లు వలలు వేసిన నీటిలో పేల్చితే ప్రాణానికి ముప్పు ఉందని తెలియదా అంటాడు. నా దృష్టిలో రెండు వాదనల్లోనూ పస ఉంది. ఊరికి దూరంగా నిర్మానుష్యమైన మడుగుకూ, రేవు దగ్గరి చెరువుకూ తేడా చూడటం న్యాయమే. అందుకే ఎక్కడ పేలింది, అప్పుడు చుట్టుపక్కల ఎవరున్నారు అన్నది పంచనామాలో స్పష్టంగా ఉండాలి. అది లేకపోతే రెండు వైపులా ఊహలే మిగులుతాయి.

బావి తవ్వగా మిగిలిన తోటాలు

చేపల జోలికి వెళ్ళని రైతు కూడా ఈ కేసులోకి రావచ్చు. నేను పనిచేసిన ఒక మండలంలో ఒకాయన బావి లోతు చేయించాడు. పని చేసినవాళ్ళు రెండు కడ్డీలు మిగిల్చి వెళ్ళారు. మళ్ళీ పనికొస్తాయని ఆయన వాటిని పంపుసెట్టు గదిలో చూరుకు దోపాడు. తర్వాతి ఎండాకాలం మేనల్లుడు వాటిలో ఒకటి తీసుకుపోయి వాగు మడుగులో పేల్చాడు. ఆ రోజు మామ ఊళ్ళో కూడా లేడు. అయినా గది ఆయనది, తాళం ఆయనది, రెండో కడ్డీ దొరికింది అక్కడే. ఇద్దరి మీదా 1908 చట్టం కిందే కేసు పడింది. నాలుగేళ్ళకు పైగా వాయిదాలకు తిరిగారు. దొరికినది పేలుడు పదార్థమేనని చెప్పే ల్యాబ్ రిపోర్టు ఫైల్లో లేక చివరికి కేసు వీగిపోయింది. ఆ లోపు ఆయన రెండెకరాలు కుదువ పెట్టాడు. కేసు పోయింది గానీ పొలం మాత్రం ఇంకా విడిపించుకోలేదు.

బావి పేల్చడం 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ కిందికి వచ్చే పని. సామగ్రి లైసెన్సు ఉన్నవారి దగ్గర నుంచే రావాలి, పేల్చే మనిషికి అనుమతి ఉండాలి. పని ఒప్పుకునేటప్పుడే లైసెన్సు నకలు అడిగి తీసుకోండి. ఎన్ని తెచ్చారు, ఎన్ని వాడారు, మిగిలినవి తీసుకెళ్ళారు అని ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. "ఉంచుకో అన్నా, పనికొస్తాయి" అంటే ఒప్పుకోవద్దు. పాత కడ్డీలు ఇప్పటికే ఇంట్లో, పొలంలో ఉంటే వాటిని ముట్టుకోవద్దు, నీళ్ళలో పారేయవద్దు, కాల్చవద్దు. జిలెటిన్ పాతబడితే మరింత ప్రమాదకరం. పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి, బాంబు నిర్వీర్య దళాన్ని పిలిపించే బాధ్యత వారిది. ముందుగా వకీలుతోనో, సర్పంచితోనో కలిసి వెళ్ళి చెబితే మంచిది. తానుగా వచ్చి చెప్పిన మనిషికీ, సోదాలో దొరికిన మనిషికీ కోర్టు దృష్టిలో చాలా తేడా ఉంటుంది.

కోర్టులో సవాలు చేసే దారులు

ముందుగా హైకోర్టు సంగతి. ఎఫ్ఐఆర్‌ను కొట్టేయమని అడిగే పిటిషన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద వేస్తారు. 2024 జూలై 1కి ముందు ఇదే సీఆర్‌పీసీ 482. ఏ పరిస్థితుల్లో కొట్టేయవచ్చో హర్యానా ప్రభుత్వం వర్సెస్ భజన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు 1990లో ఏడు రకాలుగా చెప్పింది. ఫిర్యాదులో రాసినదంతా నిజమే అనుకున్నా నేరం కనబడకపోవడం, చట్టంలోనే స్పష్టమైన అడ్డంకి ఉండటం, కక్షతో పెట్టిన కేసు కావడం వాటిలో కొన్ని. ఈ అధికారాన్ని చాలా అరుదుగా వాడాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. సాక్షి అబద్ధం చెబుతున్నాడా, చేపలు వలతో పట్టినవా తోటాతో పట్టినవా అన్నది హైకోర్టు ఈ దశలో తేల్చదు. అది విచారణ కోర్టు పని. "హైకోర్టుకు పోతే కొట్టేస్తారు" అని నమ్మబలికి డబ్బు గుంజేవారితో జాగ్రత్తగా ఉండాలి.

సవాలు చేసేవారు సాధారణంగా ఎత్తే మొదటి అభ్యంతరం, చేపల వేటకు ప్రత్యేక చట్టం ఉండగా దానిలో రెండు నెలల శిక్ష మాత్రమే ఉండగా, అదే పనికి పదేళ్ళ చట్టం ఎలా పెడతారు అన్నది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇసుక తవ్వకాల కేసుల్లో ఇలాంటి వాదనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గనుల చట్టం ఉండగా దొంగతనం సెక్షన్ పెట్టకూడదని నిందితులు వాదించారు. 2014లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రెండు నేరాలకూ కావలసిన అంశాలు వేరైతే రెండు చట్టాలూ వర్తిస్తాయని చెప్పింది. జనరల్ క్లాజెస్ యాక్ట్ 26వ సెక్షన్ కూడా ఆ దారిలోనే ఉంది. ఒక పని రెండు చట్టాల కింద నేరమైతే ఏ చట్టం కిందనైనా విచారించవచ్చు, ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష మాత్రం వేయకూడదు. కాబట్టి ఈ ఒక్క వాదన మీదే ఆశ పెట్టుకోవద్దు.

గట్టిగా నిలిచే అభ్యంతరం వేరే ఉంది. 1908 చట్టం 7వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ సమ్మతి లేనిదే ఏ కోర్టూ ఈ చట్టం కింద విచారణ జరపకూడదు. దర్యాప్తుకు, అరెస్టుకు సమ్మతి అక్కర్లేదు. విచారణకు మాత్రం తప్పనిసరి. ఛార్జిషీటుతో పాటు ఆ సమ్మతి పత్రం ఉందా, తేదీ ఎప్పటిది, ఏ సెక్షన్లకు ఇచ్చారు అన్నది వకీలు మొట్టమొదట చూడాలి. ఫిర్యాదు చేసిన సంఘం వారు కూడా ఇదే అడగాలి. కాగితాలు కలెక్టరేటుకు సకాలంలో వెళ్ళాయా లేదా అని కనుక్కోవడం మీ హక్కు.

రెండోది, 5వ సెక్షన్ కింద ప్రభుత్వం ముందుగా రుజువు చేయాల్సిన సంగతులు. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో 1981లో సుప్రీంకోర్టు వీటిని విడదీసి చెప్పింది. దొరికినది పేలుడు పదార్థమేనని రుజువు కావాలి. అది నిందితుడి దగ్గర అతనికి తెలిసే ఉందని రుజువు కావాలి. మంచి పనికి కాదేమోనన్న సబబైన అనుమానం కలిగే పరిస్థితి ఉందని చూపించాలి. ఈ మూడూ అయ్యాకే భారం నిందితుడి మీదికి వస్తుంది. నేను చెప్పిన పంపుసెట్టు గది కేసు మొదటి మెట్టు మీదే పడిపోయింది. మేనమామ అసలు వాదన రెండో మెట్టు మీద, కోర్టు అక్కడిదాకా వెళ్ళనే లేదు.

సెషన్స్ కోర్టులో అభియోగాలు మోపక ముందే తనను తొలగించమని అడిగే దారి కూడా ఉంది. సురక్షా సంహిత 250వ సెక్షన్ కింద, కేసు సెషన్స్‌కు కమిట్ అయిన తేదీ నుంచి 60 రోజుల లోపు ఈ పిటిషన్ వేయాలి. ఈ గడువు పాత చట్టంలో లేదు. అలవాటు కొద్దీ తర్వాత చూద్దాంలే అనుకుంటే చేయి దాటిపోతుంది.

ఇక కాలపరిమితి. ఏడాది లోపు శిక్ష ఉన్న నేరాలకు ఏడాదిలోగా కోర్టు కేసును స్వీకరించాలి. సురక్షా సంహితలో ఇది 514వ సెక్షన్. పోలీసులు చేపల చట్టం సెక్షన్ ఒక్కటే రాసి ఏడాది దాటాక ఛార్జిషీటు వేస్తే ఆ కేసు అక్కడే ఆగిపోవచ్చు. పెద్ద సెక్షన్లతో కలిపి ఉంటే పెద్ద నేరానికి ఉన్న గడువే లెక్క. సంఘాల వారు "కేసు పెట్టాం కదా" అని ఊరుకోకుండా నెలకోసారి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవాలని చెప్పేది ఇందుకే.

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని రాసుకున్న రాజీ కాగితంతో 1908 చట్టం కేసు ముగియదు. నష్టపరిహారం ఇప్పించుకోవడానికి ఆ పంచాయితీ పనికొస్తే రావచ్చు. వాయిదాకు వెళ్ళడం మాత్రం మానవద్దు, మానితే వారంటు వస్తుంది.

చేపే సాక్ష్యం: పలావన్ తీర్పు

చేపల నమూనా ఎంత ముఖ్యమో చెప్పడానికి ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన ఒక తీర్పు బాగా పనికొస్తుంది. మన కోర్టులు దాన్ని పాటించాలని లేదు. ఆ దేశపు అప్పటి మత్స్య చట్టంలో ఒక నిబంధన ఉండేది. పడవలో డైనమైట్, ఇతర పేలుడు పదార్థాలు, విషం దొరికినా, వాటితో చంపిన చేపలు దొరికినా, ఆ పడవవాళ్ళు వాటితోనే వేటాడారని కోర్టు అనుకోవచ్చు. 1992లో పలావన్ ద్వీపంలో ఒక పడవను పట్టుకుని, చేపల్లో సోడియం సైనైడ్ ఉందని ల్యాబ్ రిపోర్టుతో కేసు పెట్టారు. కింది కోర్టులు శిక్ష వేశాయి. ఇలా ముందే నేరస్థులనుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమని జాలర్లు సవాలు చేశారు.

సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేయలేదు. నిందితుడు ఎదురు సాక్ష్యం చూపించి దాన్ని తిప్పికొట్టే వీలున్నంతవరకు అలాంటి ఊహ తప్పు కాదంది. ఆ తర్వాత సాక్ష్యం చూసింది. అదే పడవలోని చేపల నుంచి మళ్ళీ తీసి పంపిన నమూనాల్లో సైనైడ్ లేదని రెండో రిపోర్టు వచ్చింది. పడవలో సైనైడ్ దొరకలేదు, గాలాలు, దారాలు దొరికాయి. మొదటి నమూనాలు తీసిన తీరు మీద అనుమానాలు మిగిలాయి. జాలర్లందరినీ విడుదల చేసింది. చట్టం మీద వేసిన సవాలు ఓడింది, చేప మీద వేసిన సవాలు గెలిచింది. మన దగ్గర కూడా ఎక్కువ కేసులు తేలేది ఆ రెండో చోటే.

చెరువు సంఘం వారు మొదటి రోజు చేయాల్సింది

నీటిలో పేలుడు జరిగినప్పుడు పీడన తరంగం క్షణంలో చుట్టూ వ్యాపిస్తుంది. చేప కడుపులో ఉండే గాలితిత్తి ఆ ఒత్తిడికి చిట్లిపోతుంది. వెన్నెముక వెంట, మూత్రపిండాల దగ్గర రక్తం చిమ్ముతుంది, కొన్నిటికి వెన్ను విరుగుతుంది, కళ్ళు, మొప్పల దగ్గర రక్తం కనబడుతుంది. చచ్చిన చేపల్లో చాలా భాగం తేలకుండా అడుగుకు పోతాయి. వేసినవాడికి చిక్కేది కొంతే, చెరువుకు పోయేది చాలా ఎక్కువ. పోసిన పిల్ల, నీటిలోని చిన్న జీవులు, వాటి మీద బతికే బొచ్చె, రోహు మేత అన్నీ దెబ్బతింటాయి. వలలో పడ్డ చేపకు మొప్పల దగ్గర, ఒంటి మీద దారం గీతలు ఉంటాయి. తోటా చేప బయటికి నున్నగానే కనబడి లోపల చితికి ఉంటుంది. మత్స్యశాఖ అధికారి కోసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అయితే ఇలాంటి చేప త్వరగా మెత్తబడి కుళ్ళుతుంది. సాయంత్రం దాటితే చూడటానికి ఏమీ మిగలదు.

చాలా కేసులు పాడైపోతున్నది ఇక్కడే. దొరికిన చేపలను పంచుకుంటారు, అమ్ముకుంటారు, లేదా కోపంతో గట్టు మీద పారేస్తారు. కోర్టులో చూపించడానికి ఫోటో తప్ప ఏమీ ఉండదు. తేలిన చేపల్లో కొన్నిటిని, అడుగు నుంచి తీసిన కొన్నిటిని వేర్వేరు సంచుల్లో మంచు గడ్డలో పెట్టి, పోలీసులనూ మత్స్యశాఖ వారినీ పిలిచి వారి చేతనే సీలు వేయించండి. మీరే కోసి చూడవద్దు. లోపలి భాగాలను ల్యాబ్‌కు పంపాలంటే ఫార్మలిన్‌లో ఉంచే పద్ధతి అధికారులకు తెలుసు. మంచు దొరకని ఊరైతే ముందు మంచు కోసం మనిషిని పంపండి, ఫిర్యాదు రాయడం ఆ తర్వాత చేయవచ్చు.

పేలకుండా మిగిలిన కడ్డీ, వైరు, డిటోనేటరు కనిపిస్తే ఎవరినీ దగ్గరికి పోనివ్వవద్దు. తీసి స్టేషన్‌కు తీసుకుపోయి ఇస్తే ప్రాణానికి ముప్పు. కేసుకు కూడా చేటే, ఎందుకంటే అది ఎక్కడ దొరికిందో చెప్పే సాక్ష్యం పోతుంది, మీ చేతిలో దొరికినట్టు అవుతుంది.

సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది. పోలీసులు తీస్తున్నారో లేదో చూడండి, లేకపోతే మర్యాదగా గుర్తుచేయండి. పంచనామాకు సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి సాక్షులుగా ఉండకపోవడం మేలు. వారికి చెరువులో లాభం ఉంది కాబట్టి స్వతంత్ర సాక్షులు కారని అవతలి వకీలు అంటాడు. సంఘంతో సంబంధం లేని ఇద్దరు ఊరివాళ్ళు ఉండాలి. మీ ఫోనులో ఎవరైనా వీడియో తీసి ఉంటే ఆ ఫోను అమ్మేయవద్దు, వీడియో చెరిపేయవద్దు. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఫిర్యాదులో విన్నదీ చూసినదీ వేర్వేరుగా రాయండి. "శబ్దం విని పరుగెత్తుకు వెళ్ళాం, ముగ్గురు పారిపోతుండగా ఒకరిని గుర్తుపట్టాం" అన్నది ఒకటి. "ముగ్గురు తోటా విసిరారు" అన్నది ఇంకొకటి. చూడనిది చూశామని రాస్తే, మొదటి క్రాస్ పరీక్షలోనే ఆ అబద్ధం మిగతా నిజాలన్నిటినీ ముంచుతుంది. పాత కక్షలున్న పేర్లు చేర్చాలన్న ఒత్తిడి ఊళ్ళల్లో ఉంటుంది. అలా చేర్చిన పేర్ల వల్ల హైకోర్టులో కక్ష కేసు అన్న వాదనకు బలం వస్తుంది, అసలు దోషి కూడా ఆ దారిలోనే బయటపడతాడు.

చెరువు కౌలు పత్రం, పిల్ల పోసిన రసీదులు, సంఘం తీర్మానం నకళ్ళు ఫిర్యాదుకు జతచేయండి. నీటి మీద హక్కు మీదేనని, నష్టం ఇంత అని చెప్పడానికి అవే ఆధారం.

న్యాయ సహాయం

ఏ వైపు ఉన్నా వకీలుకు డబ్బు లేదని ఊరుకోవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 12వ సెక్షన్ కింద స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ వారికి, కస్టడీలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. మండల కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీలో గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు ఎఫ్ఐఆర్ నకలు, ఆధార్, ఉంటే రిమాండ్ రిపోర్టు తీసుకెళ్ళండి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. పోలీసు వెబ్‌సైట్‌లో కూడా చాలా కేసులవి దొరుకుతాయి.